నోట్లో దూది ఉండగా అడిగే ప్రశ్న

పళ్ళ డాక్టరుగారికి ఒకటే జబ్బు. పేషెంటు చెంపల నిండా దూది కుక్కి, ఇక జవాబు చెప్పే దారి లేదని రూఢి చేసుకున్నాకే ప్రశ్న అడిగేవారు.

పంటి గురించి కాదు, యానిమే అనే జపాన్ బొమ్మల సినిమాలో ఒక హీరో గురించి. హీరో ఒకమ్మాయిని ప్రేమించాడు. ఆమె అతని స్నేహితుణ్ణి ప్రేమించింది. ఆ స్నేహితుడికి తగలాల్సిన కత్తికి హీరో తన గుండె అడ్డం పెట్టి, పోతూ పోతూ "నిన్నే ప్రేమించాను" అని ఆమెతో చెప్పి కన్ను మూశాడు.

"అది నిస్వార్థ ప్రేమేనంటారా?" అనేవారు డాక్టరుగారు, చిగుళ్ళలో సూది దించుతూ.

పేషెంటు "ఆఁ, ఆఁ" అనేవాడు.

"అక్కడే పొరబడ్డారు. పోయేవాడు నోరు మూసుకుని పోవచ్చుగా? ఆ పిల్ల జన్మంతా మోయాల్సిన బరువు నెత్తిన పెట్టిపోయాడు. శుద్ధ స్వార్థం."

హీరోని అంతమాటంటే ఊరుకోలేక ఒక లెక్కల మాస్టారు దూది ఊసేసి మరీ వాదనకు దిగారు. డాక్టరుగారు శాంతంగా అంతకు రెట్టింపు దూది కుక్కారు.

ఈ కథ వినీ వినీ నర్సమ్మ చెవులు చిల్లులు పడ్డాయి. దానికి తోడు ఆయనకి కళ్ళజోళ్ళ పిచ్చి. చూపు ఆనడం లేదంటూ తరచూ ఎదురుగా ఉన్న కళ్ళద్దాల షాపుకి పరిగెత్తి కొత్త జోడుతో వచ్చేవారు. పాపం, చిన్న వయసులోనే కళ్ళు పోతున్నాయని నర్సమ్మ జాలిపడేది.

ఒక మధ్యాహ్నం ఆ కళ్ళద్దాల షాపు అమ్మాయే వచ్చింది. వెంట నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్న కుర్రవాడు.

"రేపే మా పెళ్ళి డాక్టరుగారూ. మెట్ల మీద జారి ముందు పన్ను విరగ్గొట్టుకున్నాడు" అంది.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. ఆ తరవాత, అద్దాల్లేకుండానే సిరంజి మీది సన్నటి గీతలు చూసి అందులో మందు నింపారు. నర్సమ్మ నిలువునా కొయ్యబారిపోయింది. ఆయన చూపు నిక్షేపంలా ఉంది! మరి ఆ కళ్ళజోళ్ళన్నీ దేనికి? షాపు అమ్మాయి వైపు చూశాక ఆమెకి సంగతి అర్థమైంది.

అంతకన్నా పెద్ద వింత, దూది పెట్టినా డాక్టరుగారు ప్రశ్న అడగలేదు. సూది చూసి పెళ్ళికొడుకు కుర్చీలో బిగుసుకుపోయాడు. డాక్టరుగారు గొంతు సవరించుకుని కథ మొదలుపెట్టారు. కత్తి దగ్గరికొచ్చేసరికి పెళ్ళికొడుకు సూది సంగతే మరిచిపోయి కళ్ళింతలు చేసుకుని వింటున్నాడు. ఇన్నాళ్ళూ ఆ కథ సరిగ్గా సూది దిగేటప్పుడే ఎందుకు వచ్చేదో నర్సమ్మకి అప్పుడు వెలిగింది.

"పోతూ పోతూ హీరో..." అని డాక్టరుగారు ఆగారు. "ఏమీ చెప్పలేదు."

నర్సమ్మ చేతిలో ట్రే జారబోయింది.

కొత్త పన్ను అచ్చం పాతదానిలా కుదిరింది. అమ్మాయి మురిసిపోయి, కొత్త ఫ్రేములు వచ్చాయి, తీరిక చూసుకుని రమ్మంది.

"చూపు కుదురుకుందమ్మా. ఇక అక్కర్లేదు" అన్నారు డాక్టరుగారు.

వాళ్ళు వెళ్ళాక ఆయన చేతులు కడుక్కుంటూ, నర్సమ్మ వైపు చూడకుండానే అన్నారు.

"రవ్వంత వంకరగా పెడదామనిపించింది సుమా. పెళ్ళి ఫొటోలన్నిట్లో వంకరగా నవ్వేవాడు."

"మరి పెట్టలేదేం?"

"వాడు నవ్వితే చూసేది ఆ పిల్ల కదా" అని ఆమె వైపు తిరిగారు. "ఇప్పుడు నువ్వు చెప్పు నర్సమ్మా. ఇది నిస్వార్థమేనంటావా?"

నర్సమ్మ ట్రేలోంచి ఇంత దూది తీసి తన నోట్లో తనే కుక్కుకుంది.