ఒంటి వేలితో కొట్టిన మందుల చీటీ

ఊరంతా ఐటీ జపం చేస్తున్న రోజులవి. పంజాగుట్టలో నేను రోగులను చూసే ఆసుపత్రివాళ్లు మందుల చీటీలు ఇకమీదట కంప్యూటర్లోనే రాయాలన్నారు. టైపు రాని డాక్టర్ల పక్కన ఆపరేటర్ కూర్చుంటారట. నాకు ఒళ్లు మండింది. తలుపు వేస్తే తప్ప నోరు విప్పని రోగులు నాకు చాలామంది. గదిలో మూడో మనిషి ఉంటే వాళ్లు దగ్గూ జలుబూ చెప్పి లేచిపోతారు.

అందుకని యాభై నాలుగేళ్ల వయసులో, ఎవరికీ చెప్పకుండా, అమీర్‌పేట వెళ్లి టైపింగ్ క్లాసులో చేరాను. ఇరుకు గది, చుట్టూ జావా నేర్చుకునే పిల్లలు.

"మీ బాబును చేర్పిస్తరా అంకుల్?" అన్నాడు నేర్పే అతను.

"నేనే చేరతాను" అంటే నవ్వాపుకుని కుర్చీ చూపించాడు.

నెల తిరిగినా నా కుడి చూపుడువేలు తప్ప మిగతా తొమ్మిదీ సమ్మెలోనే ఉన్నాయి. "జర ధైర్యంగ కొట్టుండ్రి అంకుల్, ఏం పల్గదు" అనేవాడతను.

ఆపరేటర్ వద్దని పంతం పట్టి, మొదటిరోజు ఒక్కడినే కూర్చున్నాను. ఎర్రమంజిల్ క్వార్టర్స్ నుంచి ఏళ్లుగా వస్తున్న ఒకావిడ వచ్చింది. బీపీ మళ్లీ ఎక్కువే. అప్పటికి రెండుసార్లు డోసు పెంచాను, దిగిరాలేదు. మూడోసారీ పెంచుదామనుకున్నాను. కాగితం మీదైతే అర నిమిషంలో గీకి, తర్వాతి రోగి కోసం గంట కొట్టేవాడిని. ఇప్పుడు మందు పేరులో రెండో అక్షరం కోసమే కీబోర్డంతా గాలిస్తున్నాను. ఆవిడ కాసేపు నా వేలిని చూసింది, మూసిన తలుపును చూసింది.

"సార్, గా గోలీలల్ల సగం మా ఆయనకిస్తున్న."

నా వేలు ఆగిపోయింది.

"ఆయనకు సుత బీపీ ఉన్నది. దవాఖానకు రమ్మంటే రాడు. ఇద్దరిది ఒక్కటే రోగం గదా అని..."

"ఇన్నాళ్లూ చెప్పలేదేమ్మా?"

"చెప్దామనే వస్తుంటి సార్. నేను నోరు తెరిచేలోపే మీరు రాసుడు అయిపోతుండె."

సిగ్గుతో నా ముఖం వేడెక్కింది. మరుక్షణమే ప్రాణం కుదుటపడింది కూడా. మూడోసారీ డోసు పెంచాక, ఏ రోజైనా భర్తకివ్వకుండా ఆవిడే మొత్తం వేసుకుని ఉంటే బీపీ ఒక్కసారిగా పడిపోయేది.

కొట్టిందంతా చెరిపేశాను. "రేపు ఆయన్ను ఎలాగైనా తీసుకురండి. ఇప్పుడు సంగతంతా నాకు చెప్పండి" అన్నాను. బయట జనం గొణుగుతున్నా ఆవిడ పావుగంట మాట్లాడింది.

ఆ పూట పదకొండు మందినే చూడగలిగాను. అంత బాగా వైద్యం చేసిన పూట నాకు మరొకటి గుర్తులేదు.