లోవమ్మ దాచుకున్న జవాబు

ఆత్రేయపురం చుట్టుపక్కల ఏ చేలో ఊడ్పులు పడినా పాట ఎత్తుకునేది లోవమ్మే. నలభై ఏళ్ళుగా అంతే. ఎత్తుకోవడమంటే ముందు ఒక్క గొంతు చరణం పాడాలి, తక్కిన ముఠా అంతా వంగి నాటుతూనే జవాబు అందుకోవాలి. ఆవిడ ఏనాడూ ఎవరికీ జవాబు పాడింది లేదు. ఇంకొకరు ఎత్తుకుంటే ఆ పూట ఆవిడకి నడుంనొప్పి వచ్చేసేది.

అలాంటి మనిషి దగ్గరికి ధవళేశ్వరం నుంచి మెర్సీ అనే అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చింది. చెన్నైలో ఇంగ్లీషు సంగీతం నేర్చుకుందట, సోప్రానో అట, అంటే అందరికంటే పై స్థాయిలో పాడే గొంతన్నమాట. ఊడ్పుల పాటల్ని పియానోతో రాజమండ్రిలో పాడుతుందట. కోడలు సూర్యకళ అప్పటికే ఆ పిల్ల వీడియోలు చూసి, "ఎంత బాగా పాడుతుందో అత్తయ్యా" అని పొద్దస్తమానం ఒకటే గోల. లోవమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళుగా ఇంట్లో తను పాడుతుంటే ఒక్కనాడైనా అందా ఆ మాట?

"పాట మొత్తం పాడండి లోవమ్మగారూ" అంది మెర్సీ.

"కాలవ నీరొచ్చె, మడి నిండిపోయె" అని పాడి ఆగింది లోవమ్మ. జవాబు రావాల్సినంతసేపూ ఊరుకుని, రెండో చరణం ఎత్తుకుంది. జవాబు ఊసే ఎత్తలేదు. సగం పాట పట్టుకెళ్ళి ఊరేగనీ అనుకుంది. ఆ ఆగడం కూడా పాటేననుకుని మెర్సీ శ్రద్ధగా రాసుకుంది.

కచేరీ రోజు మెర్సీ ముఠాకంతటికీ ఆటో పంపించి, ముందు వరసలో కూర్చోబెట్టింది. మెర్సీ మొదటి చరణం పాడి ఆగింది. పియానో కూడా ఆగింది. హాలంతా బిక్కమొహం వేసింది, ఎవరో దగ్గారు. లోవమ్మ కడుపు చల్లబడింది.

రెండో చరణం అయింది. ఈసారి పక్కనున్న అప్పాయమ్మ, "వంగి నాటవే వదినా, వరస తప్పకే" అని అందుకుంది. ఆమె వెనకే ముఠా అంతా. మెర్సీ మొహం వెలిగిపోయింది.

"నోర్ముయ్యవే, ఇదేమన్నా మన చేనా?" అని గిల్లింది లోవమ్మ.

"పాట అడుగుతుంటే ఎలా ఊరుకుంటాం వదినా?" అంది అప్పాయమ్మ.

తన ముఠా. తనకి తప్ప ఎవరికీ పలకని గొంతులు. కోపంతో లోవమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడో చరణానికి ఇది నోరు విప్పితే చూడాలి అని అప్పాయమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ఆ పిల్ల మూడో చరణంలో ఆఖరి మాట పట్టుకుని, ఎక్కడికో తీసుకెళ్ళి, మెల్లగా దింపి వదిలింది. అందరికంటే ముందు ఒక గొంతు జవాబు అందుకుంది. అప్పాయమ్మ తల తిప్పి వింతగా చూసేదాకా అది తన గొంతేనని లోవమ్మకి తెలియలేదు.

అందుకున్నాక మధ్యలో ఆపడం ఆవిడకి చేతకాదు. చివరిదాకా పాడింది. కుళ్ళు తగ్గిందా అంటే, ఎక్కడ తగ్గుతుంది? ఆ పిల్ల నిజంగానే బాగా పాడింది మరి.