బంద్ రోజు లేచిన డేటాబేస్

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీ డేటాబేస్‌లు చూసుకునేదాన్ని. కొన్ని దవాఖానల రోగుల వివరాలన్నీ మా సర్వర్‌లోనే ఉండేవి. బంద్ అంటే బస్సులుండవు, ఆటోలుండవు. ఆ రోజే సర్వర్ పడిపోతే ఆఫీసుకు చేరేదెవరు?

అందుకే మా ఇంటికి దగ్గరగా, మియాపూర్‌లో ఉన్న కంపెనీ చిన్న ఆఫీసులో ఇంకో సర్వర్ పెట్టమన్నాను. ప్రతి సాయంత్రం బ్యాకప్ టేపు అక్కడికి పోవాలి. పగలు జరిగే మార్పులు నెట్‌వర్క్ లైన్ మీద ఎప్పటికప్పుడు చేరాలి.

"బ్యాకప్ రోజూ తీస్తూనే ఉన్నాం కదండీ," అన్నారు మేనేజర్.

"తీస్తున్నం సార్. దాంతోని డేటాబేస్‌ను మళ్ల లేపి ఎన్నడన్న చూసినమా?"

ఒక శనివారం లేపి చూశాం. టేపు సగంలోనే మొరాయించింది. ఆ తర్వాత నన్నెవరూ ఆపలేదు. మియాపూర్‌లో సర్వర్ పెట్టాం, టేపులు మార్చాం. కళ్లు మూసుకుని చేయగలిగేదాకా మళ్లీ మళ్లీ లేపి చూశాం.

ఒక బంద్ పొద్దున మేనేజర్ ఫోన్ చేశారు. పెద్దాఫీసు సర్వర్‌లో డిస్కులు పోయాయి. దవాఖానల్లో ఏ రోగి వివరాలూ తెరుచుకోవడం లేదు. మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే గుంటూరు కొలీగ్‌ను తోడు తీసుకుని మియాపూర్ ఆఫీసుకు నడిచాను. చౌరస్తాలో జెండాలు పట్టుకుని కూర్చున్నవాళ్లు ఆపారు. తన యాస బయటపడుతుందని ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏడికక్కా? ఇయ్యాల బంద్ గద!"

"దవాఖానల కంప్యూటర్లు ఆగినయ్ తమ్మీ. నడిపియ్యనీకె పోతున్నం."

"అయితే జర జల్ది పోండి!" అని దారిచ్చారు.

"థాంక్సండీ," అనేసింది ఆమె. వాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆఫీసులో సర్వర్ ఈసారి టేపును చివరిదాకా చదివింది. దాని మీద ఆ పొద్దుటి మార్పులను నేను వరసగా కలుపుతుంటే ఆమె ఒక్కొక్కటీ సరిచూసింది. ఆఖరిది కలవగానే డేటాబేస్ తెరుచుకుంది. దవాఖానలన్నిటినీ ఈ సర్వర్ వైపు మళ్లించాం.

ఫోన్ మోగింది. ఒక దవాఖాన ల్యాబ్‌లో పనిచేసే ఆవిడ.

"మేడం, నేను పొద్దున ఎక్కించిన రక్తపరీక్ష రిపోర్టు గూడ కనిపిస్తున్నది!"

మేమిద్దరం వేసిన కేకకు వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందమ్మా?"

"గెలిచినం కాకా!"

ఆయన కళ్లు మెరిశాయి. "తెలంగాణ ఇచ్చిన్రా?"

"ఇంకా ఇయ్యలే కాకా," అన్నాను, నవ్వు ఆగక. "అది గూడ వస్తది."