మా గ్యాంగూ, బావ గీసిన గళ్లూ

మొన్న దువ్వాడలో ఎంబీఏ చదువుతున్న మా మనవరాలు, కాలేజీ ప్రాజెక్టు కోసమని ల్యాప్‌టాప్‌లో గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో స్నేహితురాలి పేరు రాస్తూ కూర్చుంది. జట్టును ఎలా కూర్చాలో చెప్పే శాస్త్రం ఒకటుందట. ఆ గళ్లు చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. పాపం, దాని తప్పేం లేదు.

ఆ రోజుల్లో రేవు పనులు చేసినవాళ్లు మీలో ఉంటే, బరువులెత్తే గ్యాంగంటే ఎంత మర్యాదో గుర్తుండే ఉంటుంది. ఒక కాంట్రాక్టు కంపెనీలో అలాంటి గ్యాంగుకి నేను మేస్త్రీని. మాది చేపల వేట మీద బతికిన ఇల్లు కనుక, మా అయ్య పడవకి మనుషుల్ని ఎంచినట్టే నేనూ ఎంచేవాణ్ణి: అన్నదమ్ములిద్దర్నీ ఒకే తాడు మీద పెట్టేవాణ్ణి కాదు, ఒకడికి ప్రమాదమొస్తే రెండోవాడు కంగారులో చెయ్యి వదిలేస్తాడని, ఒకరితో ఒకరికి మాటల్లేని ఇద్దర్ని మాత్రం కావాలనే ఎదురెదురుగా నిలబెట్టేవాణ్ణి, ఒకడి తప్పు ఇంకొకడు ఇట్టే పట్టేస్తాడని.

గోదావరి వైపు నుంచి కొత్తగా వచ్చిన ఇంజనీరు ఒకాయన నాతో బాగా కలిసిపోయాడు. బావా అంటే బావా అనుకునేవాళ్లం. ఆదివారాలు మా ఇంట్లో చేపల పులుసు తింటూ, ఎవణ్ణి ఎక్కడ నిలబెడతావు, ఎందుకని గుచ్చి గుచ్చి అడిగి డైరీలో రాసుకునేవాడు. అంత చదువుకున్నవాడు నన్నడుగుతున్నాడని పొంగిపోయి, కడుపులో ఉన్నదంతా చెప్పేశాను.

ఎన్నాళ్లుగానో నేను ఎదురుచూసిన పని, పెద్ద క్రేనుకి పాత చెయ్యి దించి కొత్తది ఎక్కించేది, చివరికి వచ్చింది. నోటీసు బోర్డు మీద, బావ గళ్లు గీసి పేర్లు రాసిన చార్టు పెట్టారు. అన్నదమ్ములు వేర్వేరు తాళ్ల మీద, మాటల్లేని ఇద్దరూ ఎదురెదురుగా, అంతా నేను చెప్పినట్టే. మేస్త్రీ గడిలో మాత్రం బావ తెచ్చుకున్న డిప్లొమా సూపర్‌వైజరు. నన్ను స్టోర్సులో వేశారు.

"ఏటి బావా ఇది?" అన్నాను.

"పద్ధతంతా ఇప్పుడు కాగితం మీదుంది బావా, మేస్త్రీ ఎవరైనా ఒకటే" అన్నాడు, నా మొహం చూడకుండా.

వెన్నుపోటంటే ఏమిటో ఆ రోజే తెలిసింది నాకు. పని చెడిపోతే నా కోపం చల్లారేదేమో, చెడలేదు. ఒక్కడికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. నా మనుషులు క్షేమంగా ఉన్నారని సంతోషించాలో, నేను లేకుండానే ఉన్నారని ఏడవాలో తెలియక, స్టోర్సులో తాళ్లు చుట్టుకుంటూ కూర్చున్నాను.

ఇప్పుడా గ్యాంగులూ లేవు, ఆ మేస్త్రీలూ లేరు. మనిషిని మనిషి పక్కన నిలబెట్టడం పుస్తకాల్లో పాఠమైపోయింది.

"తాతా, నువ్వు మీ గ్యాంగుని ఎలా ఏసేవోడివి?" అని మనవరాలు తలెత్తి అడిగింది. పరాయివాడికి డైరీ నిండేదాకా చెప్పినవాణ్ణి, నా ఇంటి పిల్లకి చెప్పడానికి నోరు రాలేదు.

"మర్సిపోనానమ్మా" అన్నాను. అది నమ్మేసి, మళ్లీ గళ్లు గీసుకుంది.