ఓడలో మూడో రోజు

ఓడ ప్రయాణాల విషయంలో నాకు కొన్ని పట్టింపులున్నాయి. ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లొచ్చాను కాబట్టి ఆ మాత్రం చెప్పే హక్కు ఉందనుకుంటాను. అనంతపురంలో కిరాణా అంగడి నడుపుకునే ఇంటి ఆడది నాలుగుసార్లు సముద్రం మీద ఎందుకు తిరిగిందా అని మా వీధిలో అందరికీ అనుమానమే. "మీకేమమ్మా, ఓడల్లో తిరుగుతాండారు" అని పక్కింటావిడ మూతి తిప్పుకుంటుంది. నేను సముద్రం చూడటానికి వెళ్లడం లేదని ఆమెకు చెప్పలేను. నేను వెళ్లేది మా ఆయన్ను ఒక మాట అడగడానికి. ఇంక అంగడి చాలించుకుందామని అడగడానికి.

ఆ మాట ఇంట్లోనే అడగొచ్చు కదా అని మీరనొచ్చు. ఎప్పుడడగను? పొద్దున ఆరింటికల్లా ఆయన తాళాలగుత్తి తీసుకుని వెళ్లిపోతారు. టిఫినూ భోజనమూ క్యారియరులో అంగడికే పోతాయి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే, ఆయన వెనక గదిలో బియ్యం బస్తాల పక్కన చాపేసుకుని నడుం వాలుస్తారు. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటికొచ్చి, తిని, పడుకుంటారు. మధ్యలో నేను ఏదన్నా మాట ఎత్తానా, ఫోను మోగుతుంది. ఫోను మోగకపోతే పావుకిలో కందిపప్పు కోసం ఎవరో ఒకరు వస్తారు.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో చక్కెర తూకం వేస్తూ వేస్తూ కళ్లు తిరిగి అంగడి మెట్టు మీద పడ్డారు. నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. మర్నాడు ఆ కట్టుతోనే వెళ్లి అంగడి తీశారు. ఆయనకు అరవై ఆరు, నాకు అరవై. ఇద్దరి మోకాళ్లూ అంతంత మాత్రమే. పాత గిరాకీలు కొందరు పోయారు, వాళ్ల పిల్లలు ఫోనులో నొక్కి ఇంటికే తెప్పించుకుంటున్నారు. అయినా ఆ మనిషి ఆరింటికి వెళ్తారు. నేను ఒంటిగంటకు వెళ్తాను. నాకు అలసటగా ఉంది. ఇందులో దాచుకోవడానికి ఏమీ లేదు.

మొదటిసారి మమ్మల్ని ఓడ ఎక్కించింది మా అమ్మాయి. బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. "నాయన పడిపోయినాంక కూడా ఒక్క రోజు ఇంట్లో ఉండలేదు. ఓడెక్కితే దిగి పోలేడు కదమ్మా, తీసుకొని పో" అంది. దాని తెలివికి మెచ్చుకోవాలి. చెన్నైలో ఓడ తీరం వదిలిన కాసేపటికి ఆయన ఫోనులో సిగ్నల్ పోయింది. ఆయన దాన్ని పైకెత్తారు, కిందికి దించారు, నడవ ఈ చివర నుంచి ఆ చివర దాకా పట్టుకుని తిరిగారు. చివరికి విసుగొచ్చి చొక్కా జేబులో పడేశారు. ఆ జేబు గంటసేపు మోగకుండా ఉండటం చూసి నాకు భయం, సంతోషం రెండూ కలిగాయి. ఈ మనిషితో మాట్లాడాలంటే ఇదే చోటని ఆ రోజు నిశ్చయించుకున్నాను.

కాబట్టి ఓడలో ఇంటర్నెట్ ప్యాకేజీ కొనకూడదన్నది నా అన్నిటికన్నా గట్టి పట్టింపు. బుక్ చేసేటప్పుడే అమ్మాయికి చెప్పేస్తాను. ఆయనడిగితే "దుడ్లు దండగ" అంటాను. ఆ మాటకు మాత్రం ఆయన ఎదురు చెప్పరు.

రెండు రాత్రుల ప్రయాణాలు చవగ్గా దొరుకుతాయి గానీ అవి నాకు పనికిరావు. నాలుగు రాత్రులైనా ఉండాలి. మొదటి రోజు ఆయన ఒళ్లు ఓడలో, మనసు అంగడిలో. అంగడి మా తమ్ముడికి అప్పజెప్పి వస్తాం. వాడు బెల్లం మీద మూత పెట్టాడో లేదో, కరెంటు పోతే పాలప్యాకెట్లు ఏమయ్యాయో, ఇదే గోల. రెండో రోజు నిద్ర. టిఫిను తిని నిద్ర, భోజనం చేసి నిద్ర. ఎన్నేళ్ల బాకీ నిద్రో అది. మూడో రోజు మనిషవుతారు. "నీ మోకాలు ఎట్లుండాది?" అని అడుగుతారు. నాలుగో రోజు సాయంత్రానికి మళ్లీ పప్పు లోడు, నూనె డబ్బాలు మొదలవుతాయి. నాకు దొరికేది ఆ మూడో రోజు ఒక్కటే.

గది సంగతి. కింది అంతస్తులో, ఓడకు సరిగ్గా నడిమధ్యన, కిటికీ లేని గది తీసుకుంటాను. అక్కడ ఊగడం తక్కువ, నాకు కడుపులో తిప్పదు. బాల్కనీ ఉన్న గదులు బాగుంటాయని అందరూ అంటారు. అన్ని నీళ్లు చూస్తే నాకు సంతోషం రాదు, కోపమొస్తుంది. మా వీధిలో ఇప్పటికీ కొళాయి రోజు తప్పి రోజే. బుక్కరాయసముద్రం చెరువుకు నీళ్లొస్తే ఊళ్లో జనం బండ్లేసుకుని చూడటానికి పోతారు, పెళ్లికి పోయినట్టు. ఇక్కడేమో కంటికి ఆనినంత దూరమూ నీళ్లే, ఒక్క గ్లాసు తాగడానికి లేదు. పొద్దున లేచి దాన్ని చూస్తూ కాఫీ తాగమంటే నావల్ల కాదు.

ఈ నీళ్ల పిచ్చి వల్ల రెండో ప్రయాణంలో పరువు పోయింది. ఐదింటికి మెలకువ వచ్చింది. ఇంట్లో అయితే కొళాయి వచ్చే వేళ. నిద్రమత్తులోనే లేచి స్నానాలగదిలో ఉన్న సీసాలు నింపాను, గ్లాసులు నింపాను, కెటిల్ నింపాను, చేతులు కడుక్కునే తొట్టికి బిరడా పెట్టి దాన్నీ అంచుదాకా నింపి వచ్చి పడుకున్నాను. ఎనిమిదింటికి ఓడ ఒకసారి గట్టిగా ఒరిగింది. తొట్టిలో నీళ్లన్నీ గదిలోకి వచ్చాయి. ఆయన కొత్త చెప్పులు మంచం కింద తేలాయి. గది శుభ్రం చేసేటాయన పరుగున వచ్చి, పైపు పగిలిందనుకుని ఇంకో ఇద్దరిని పిలిచాడు. ముగ్గురూ టార్చి వేసి గోడలన్నీ వెతుకుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆయన మాత్రం మంచం మీద మఠం వేసుకుని కూర్చుని, "పైప్ నహీ భాయ్, ఆదత్ హై" అన్నారు. పైపు కాదు, అలవాటు అని. వాళ్లు నా వైపు చూశారు. నేను ముసుగు తన్నాను. ఇప్పుడు ఓడలోకి అడుగుపెట్టగానే ఆ తొట్టి బిరడా తీసి బీరువాలో దాచేస్తాను.

సామాను సర్దడంలో కూడా దెబ్బలు తిని నేర్చుకున్నవే ఎక్కువ. మొదటిసారి మామిడికాయ ఊరగాయ సీసా పెట్టుకెళితే స్కానింగ్ దగ్గరే తీసి పక్కన పెట్టారు. ఇప్పుడు శెనక్కాయల పొడి, పప్పుల పొడి, అవీ మిషను సీలు వేయించిన ప్యాకెట్లలో. అంగడి ఉండి లాభం అదొక్కటే. పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది కాబట్టి షుగరు మాత్రలు, ఆయన లుంగీ, నాకొక చీర చేతిసంచిలోనే ఉంటాయి. గది గోడలు ఇనుపవి. అయస్కాంతం కొక్కేలు నాలుగు తీసుకెళితే తువ్వాళ్లు ఆరేసుకోవచ్చు. నడవలో తలుపులన్నీ ఒకేలా ఉంటాయని మా తలుపు పిడికి గోరింటాకు రంగు రవికెగుడ్డ ముక్క కడతాను. మొదటిసారి ఆయన పక్క గది తలుపు పావుగంట తట్టారు. లోపల ఎవరో గుజరాతీ పెద్దాయన తీసి, కూర్చోబెట్టి, టీ ఇచ్చి పంపించాడు.

భోజనం దగ్గర పెద్ద బల్లల జోలికి పోను. ఇద్దరికి సరిపడే చిన్న బల్లే వెతుక్కుంటాను. దానికీ కారణముంది. రెండో ప్రయాణంలో, చెప్పులు తేలిన మర్నాడు, అదే మూడో రోజు, పెద్ద బల్ల దగ్గర కూర్చున్నాం. ఎదురుగా ప్రొద్దుటూరు నుంచి వచ్చిన పప్పుల వ్యాపారి. మా ఆయన గిన్నెలో పప్పు వేళ్ల మధ్య నలిపి, "ఇది మన పక్క కంది గాదన్నా" అన్నారు. అంతే. ఇద్దరూ సాయంత్రం దాకా ఆ కంది ఏ పక్కదో తేల్చుకోవడానికే కూర్చున్నారు. నేను, ఆ వ్యాపారి భార్య ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఐస్‌క్రీమ్ తిన్నాం. ఆ రోజు నా మాట అట్లా పోయింది.

మొదటిసారి అడగకపోవడానికి కారణం వేరు. మూడో రోజు ఆయనకు వాంతులు. నిమ్మకాయ వాసన చూపిస్తూ కూర్చున్నాను. మూడోసారి మాత్రం తప్పు నాదే. చిన్న బల్ల దొరికింది, ఆయన నవ్వుతూ ఉన్నారు, నేను నోరు తెరిచాను. అంతలో ఆయనే, "ఏమే, దసరాకు అంగట్లో ఎదురుగోడకు కొత్త రాకులు కొట్టిద్దామా?" అన్నారు. చిన్నపిల్లవాడు పలక అడిగినట్టు అడిగారు. "కొట్టిద్దాం లెండి" అన్నాను. ఆ రాత్రి నామీద నాకే అసహ్యం వేసింది. ఆ చెక్క అరలు ఇప్పుడు అంగడిలో ఉన్నాయి, వాటి దుమ్ము దులిపేది నేనే.

ఈ ఏడాది వెళ్లింది నాలుగోసారి. గుంతకల్లులో రైలెక్కి ముంబై పోయి, అక్కడ ఓడెక్కాం. మూడో రోజు టిఫిను తిన్నాక ఆయన్ను పైకి, ఎండ పడని వైపుకు తీసుకెళ్లాను. ఆ పక్కన జనం తక్కువ, పాటలు వినపడవు. ఆయన చెప్పులు విడిచి కాళ్లు చాచుకున్నారు. పాదాలు కొద్దిగా వాచి ఉన్నాయి. అవి చూశాక ఇక ఆగలేకపోయాను.

"ఏమండీ, ఇంక అంగడి చాలించుకుందామా" అన్నాను.

ఆయన నా వైపు తిరగలేదు. కోపం వచ్చిందనుకున్నాను. కోప్పడితే ఏం చెప్పాలో నా దగ్గర రెండేళ్లుగా సిద్ధంగా ఉంది. డాక్టరు మాటలు, కుట్లు, అమ్మాయి చెప్పింది, అన్నీ వరసగా పెట్టుకున్నాను.

"నాకూ ఓపిక నిండుకునిందే" అన్నారు.

మా అంగట్లో సరుకు లేదు అన్న మాట ఎవరూ అనకూడదు. ఆయన తండ్రి కాలం నుంచి అదే కట్టుబాటు. ఉప్పు లేకపోయినా, చింతపండు అయిపోయినా, గిరాకీకి "నిండుకునింది, రేపు రాప్పా" అనే చెప్పాలి. పెళ్లయిన కొత్తలో నేను ఒకసారి పొరపాటున "బెల్లం లేదు" అంటే మా మామగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మాట మా ఆయన నోట రోజుకు పదిసార్లు వింటాను. తన గురించి అనగా వినడం అదే మొదటిసారి. ఈయనలో ఇంక ఏమీ మిగల్లేదని, ఆ సంగతి నాకన్నా ముందే ఈయనకు తెలుసునని అప్పుడు అర్థమైంది. సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఏడుపొచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటే గాలికి దుమ్ము పడిందా అని అడిగారు. సముద్రం మీద దుమ్మేమిటి అనుకున్నాను గానీ తలూపాను.

"ఎన్నాళ్లయింది, మీకు ఇట్లా అనిపించి?" అని అడిగాను.

"పడినప్పట్నించీ. నువ్వేమనుకుంటావో అని చెప్పలేదు. నువ్వు ఒంటిగంటకు అంత దూరం ఎండలో వస్తాండావు, నీకు ఆ అంగడంటే ఇష్టమనుకుంటి."

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఆయనకోసం నేను వెళ్తుంటే, నాకోసం ఆయన తీస్తున్నారు. రెండేళ్లుగా ఇద్దరం ఒకరినొకరు మోసుకుంటూ అంగడి నడిపామన్నమాట. తిట్టడానికి కూడా ఓపిక లేక ఆయన చేయి పట్టుకున్నాను. ఎవరన్నా చూస్తారేమోనని కూడా ఆయన వెనక్కి లాక్కోలేదు.

"సరే, చాలిద్దాం" అన్నారు. "ఊరికి పోతానే మీ తమ్మునితో చెప్తా."

నాలుగు ప్రయాణాలు చేసింది ఈ మాట కోసమే. గుండె తేలికపడాలి కదా, పడలేదు. ఆయన ఇంకా ఏదో అడగబోతున్నారని ముఖం చూస్తే తెలుస్తోంది.

"మరి పొద్దున్నే లేసి నేను యాడికి పోవాల?" అన్నారు.

యాడికీ పోవద్దు, ఇంట్లో కూర్చోండి అనబోయి ఆగాను. మా ఇంట్లో హాలు, వంటిల్లు, రెండు గదులు ఒక్కొక్కటే కళ్లముందుకు తెచ్చుకున్నాను. కిటికీ పక్క కుర్చీ నాది. మంచం రాత్రికి. ముప్ఫై ఎనిమిదేళ్లుగా కాపురం చేస్తున్న మనిషి పగటిపూట మా ఇంట్లో ఎక్కడ కూర్చుంటారో నాకు తెలియదు.