దేవుడి గూట్లో నీళ్ల సీసా

బియ్యం కడిగిన నీళ్లు కూడా నేను ఊరికే పారబొయ్యను. అలాంటిదాన్ని ఒక సీసా మంచినీళ్లను ఏడాదిపాటు దేవుడి గూట్లో పెట్టి పాడుచేశాను.

తుఫాను పోయాక మా ఊరి బావుల నిండా ఉప్పునీళ్లే. నా తోటికోడలు రోజూ పక్క ఊరి బోరు దాకా నడిచి, బిందె చంకనెత్తుకుని రెండిళ్లకూ నీళ్లు తెచ్చేది. మూడు రోజులు అవే తాగాను. మట్టివాసనని సణిగాను కూడా.

నాలుగో రోజు పార్టీ నాయకుడొకాయన మా ఊరు చూడ్డానికి వచ్చాడు. కప్పు ఎగిరిపోయిన ఇంట్లో వణుకుతూ కూర్చున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నేను నీ పెద్దకొడుకుని" అని ఒక నీళ్ల సీసా ఇచ్చాడు. ఆ ముఖంలో నాకు దేవుడు కనిపించాడు. సీసాను గూట్లో పెట్టి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం తోటికోడలు దారిలో పడి, బిందె ఒలికిపోయి, కుంటుకుంటూ వచ్చింది.

"అప్పా, గొంతు ఎండిపోతన్నాది. ఆ సీసాలో రెండు గుక్కలియ్యి."

"ఒసే, ఆ బాబు సేత్తో ఇచ్చినాడే! తాగీడానికేటి అది?"

"మూడ్రోజులు నాను మోసినవి నీల్లు కావేటి?"

నేను గూటికి అడ్డంగా నిలబడ్డాను. తను ఖాళీ బిందెతో, ఆ కాలితోనే మళ్లీ బోరుకు పోయింది. అక్క వరసతో అప్పా అని పిలిచేది, ఆ తరవాత పిలవలేదు.

ఏడాదికి ఆయన చీపురుపల్లి సభకు వచ్చాడు. అప్పటికి ఇంటికి కొత్త కప్పు వేశాం, కడుపు నిండుగా ఉంది. ముందు వరసలో నిలబడ్డాను. నా చెయ్యి పట్టుకుని అదే మాట, అదే గొంతుతో అన్నాడు. చూపు మాత్రం కెమెరా మీద ఉంది.

మనిషి మారిపోయాడని ఇంటికొచ్చి చెప్పాను. మా కోడలు సెల్లులో తుఫాను నాటి ఫోటో తీసి చూపించింది.

"సూడత్తా, ఆవేల కూడా కెమెరానే సూస్తన్నాడు."

నిజమే. ఆయనేం మారలేదు. ఆ రోజు భయానికి నాకొక దేవుడు కావాల్సి వచ్చాడు, ఆ వేళకి ఆయన ఎదురుగా ఉన్నాడు. నీళ్లు మోసిన మనిషిలో నాకేమీ కనిపించలేదు. రోజూ చూసే ముఖం కదా.

మర్నాడు సీసా తీసుకుని తోటికోడలి గుమ్మం ముందు నిలబడ్డాను.

"ఏటిది?"

"ఆవేల అడిగినావు కదే."

"ఆ దాహం ఆవేలే పోయింది. గోంగూర మడికి పొయ్యి. ఊరికే పారబొయ్యలేవు గదా నువ్వు."

నవ్వుతూ అనలేదు. మడిలో పోశాను. తను లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది.

"తాగు" అంది. అప్పా అనలేదు.

తలెత్తకుండా తాగాను.