కాశయ్య మోచెయ్యి, రూతమ్మ ఏడుపు

2022 వేసవి. మార్కాపురం బస్టాండుకు దగ్గర్లో ఒక షట్టర్ గది అద్దెకు తీసుకుని ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టుకున్న మొదటి ఏడాది అది. గదిలో రెండు బల్లలు, వాటి మధ్య ఒక ఆకుపచ్చ పరదా, గోడకు ఒక కప్పీ, వేడి కాపడం పెట్టె, గుమ్మం బయట చెక్క బెంచీ. పరదా గురించి ముందే చెప్పాలి. అది చూపును ఆపుతుంది, మాటను ఆపదు. ఒక బల్ల మీద ఎవరైనా మూలిగితే రెండో బల్ల మీదివాళ్లకూ, బయట బెంచీ మీదివాళ్లకూ వినిపిస్తుంది. ఈ కేసంతా ఆ పరదాకు రెండు పక్కలా నడిచింది.

కాశయ్యకు నలభై దాటాయి. పలకల గనిలో పని. రాతి దిమ్మకు ఉలి పెట్టి పొరలు పొరలుగా చీల్చేవాళ్లలో పేరున్నవాడు. గని అంచున కాలు జారి పడితే కుడి మోచెయ్యి విరిగింది. ఒంగోలులో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. కట్టు విప్పడానికి రమ్మన్నప్పుడు వెళ్లకుండా, తీరిక దొరికాక ఎప్పుడో వెళ్లాడు. ఈలోగా ఎముక అతుక్కుంది కానీ కీలు బిగుసుకుపోయింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి తొంభై డిగ్రీల దగ్గర, అంటే గోడ మూలలా, ఆగిపోయి ఉంది. అంతకు మించి వంగదు. నోటికి అందదు. సుత్తి ఎత్తడం మాట అటుంచి, భార్య నారాయణమ్మ ముద్దలు కలిపి తినిపించాల్సి వస్తోంది.

"ముందు అది మాన్పించు సారూ," అన్నాడు మొదటిరోజే. "ఆమె ముద్ద పెడతాంటే బజార్లో పోయేవాళ్లు నిలబడి చూస్తాండారు. గనికి తర్వాత పోతా. ముందు నా అన్నం నేను తినాల."

ఆపరేషన్ చేసిన డాక్టరు ఒక మాట చెప్పి పంపారు: మళ్లీ చూపించుకునే రోజుకు చెయ్యి వంగకపోతే ఇంకోసారి తెరవాల్సి ఉంటుంది. ఆ మాటకు కాశయ్య జవాబు కూడా సిద్ధంగా ఉంది. "ఇంగోసారి కత్తి పెట్టనీను. వంగితే ఈడ వంగాల, లేకుంటే ఇట్లనే ఉంటాది." అంటే ఆ చెయ్యికి ఉన్న అవకాశం మా బల్ల ఒక్కటే.

మా పని తెలియనివాళ్ల కోసం రెండు సంగతులు. కీలు ఎంత వంగుతుందో గోనియోమీటర్‌తో కొలుస్తాం. బడి పిల్లల కోణమానినికి రెండు పొడవాటి చేతులు తగిలించినట్టు ఉంటుంది. రెండోది, అన్ని కీళ్లనూ ఒకే తీరుగా వంచకూడదు. మోచేతిని బలవంతంగా వంచితే చుట్టూ ఉన్న కండరంలో కొత్తగా ఎముక పెరిగే ప్రమాదం ఉంది. అందుకని కాపడం పెట్టి, రోగి తానే వంచుతుంటే నా చెయ్యి తోడు ఇస్తూ, అది ఒప్పుకున్నంత దూరమే వెళ్లాలి. బలం వాడటానికి వీల్లేదు.

కాశయ్య బల్ల మీద పడుకునేవాడు. దవడ బిగించేవాడు. నేను చెయ్యి పట్టుకున్నప్పటి నుంచి వదిలేదాకా ఒక్క మూలుగు లేదు. నొప్పిగా ఉందా అంటే, "నీ పని నువ్వు చెయ్యి సారూ" అనేవాడు. బెంచీ మీది జనం మెచ్చుకునేవాళ్లు. గనిలో పనిచేసే మనిషంటే అట్ల ఉండాల అని ఒకాయన అన్నాడు కూడా.

పరదా అవతల అదే వేళకు రూతమ్మ వచ్చేది; ఒకరికి కాపడం పెట్టి ఇంకొకరి చెయ్యి పట్టేవాణ్ని. కురిచేడు నుంచి రైల్లో మార్కాపురం రోడ్డు స్టేషనుకు వచ్చి, అక్కడి నుంచి ఆటోలో దిగేది. కూలి పనులు చేసి చేసి భుజం పట్టేసింది. దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటాం. భుజం కీలు చుట్టూ ఉండే సంచి బిగుసుకుపోయి చెయ్యి పైకి లేవదు. ఆమె కోరిక ఒకటే, గంప మళ్లీ నెత్తికెత్తుకోవాలి. ఆమె దాచుకునే మనిషి కాదు. నేను చెయ్యి పట్టుకోగానే మొదలయ్యేది.

"అయ్యో ప్రభువా! ఓ తండ్రీ! సంపేస్తాండాడు ఈ పిల్లోడు!"

కన్నీళ్లు చెవుల్లోకి కారిపోయేవి. మధ్యలో ఆగి కొంగుతో తుడుచుకుని, "ఊ, ఎత్తు నాయనా, ఆపినావెందుకు?" అనేది. మళ్లీ ఏడుపు.

ఒకరోజు కాశయ్య ఉండబట్టలేక ఇటునుంచి కేకేశాడు. "ఏందవ్వా, పురుడు పోసుకుంటాండావా ఆడ?"

"పురుడైతే ఒక పూటతో పోయేది రా అబ్బాయ్. ఇది రోజూ అయితాంది." బెంచీ అంతా నవ్వింది. ఆమె ఆగలేదు. "అది సరే, నీ చెయ్యి ఎంత వంగినాది?"

కాశయ్య మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఎందుకంటే వంగలేదు. మొదట్లో కాస్త కదిలిన గోనియోమీటర్ ముల్లు ఆగినచోటే ఆగింది. రూతమ్మ చెయ్యి మాత్రం వారం వారం పైకి లేస్తోంది.

వంగకపోవడానికి ఉండే కారణాలు నేను ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాను. ఎక్స్‌రేలో ప్లేటు సరిగానే ఉంది. వాపు తగ్గింది. ఇంటి దగ్గర వ్యాయామం చేస్తున్నాడని నారాయణమ్మ ఒట్టేసి చెప్పింది. మిగిలింది ఎండ్ ఫీల్. కీలు ఆగే చోట మన చేతికి ఎలా తగులుతుందో దాన్ని అలా అంటాం. ఎముకకు ఎముక తగిలితే గోడను గుద్దినట్టు ఉంటుంది. కీలు చుట్టూ ఉండే సంచి బిగిస్తే తోలు బెల్టు లాగినట్టు ఉంటుంది. కాశయ్యది ఈ రెండూ కాదు. నా చేతిని అతని కండరమే వెనక్కి తోస్తోంది. దీని పేరు మజిల్ గార్డింగ్. నొప్పి వస్తుందని శరీరం ముందే కాపలా కాయడం. మనిషి కావాలని చేసేది కాదు. అయితే నొప్పి మాటే ఎత్తని మనిషికి ఇంత కాపలా ఎందుకు?

"నీ పని ఎట్లుంటుందో ఒకసారి చూపించు అన్నా," అన్నాను. బల్ల చెక్క మీద స్కేలును ఉలిలా ఎడంచేత్తో నిలబెట్టాడు. కుడిచెయ్యి ఎత్తలేడు కాబట్టి ముంజేతితోనే కొట్టినట్టు నటించాడు. కొట్టే ముందు అతని ఛాతీ ఆగిపోయింది. మెడ నరాలు లేచాయి. దెబ్బ పడ్డాక కూడా కాసేపు గాలి వదల్లేదు.

"ఊపిరెందుకు బిగబట్టినావు?"

"బిగబట్టకుంటే చెయ్యి అదురుతాది సారూ. అదిరితే పొర అడ్డంగా తెగిపోతాది, పలక పనికిరాదు. దుమ్ము గూడా లోపలికి పోదు. చిన్నప్పటి నుంచి అంతే, తెలీకుండానే అయితాది."

నా బల్ల మీదా అదే జరుగుతోంది. నొప్పి రాబోతుందనగానే ఉలి పట్టినట్టు ఊపిరి బిగబట్టేస్తున్నాడు. దాంతోపాటు భుజం నుంచి వేళ్ల దాకా చెయ్యంతా కర్రలా మారుతోంది. గనిలో పలకను కాపాడే అలవాటు ఇక్కడ మోచేతిని కట్టేసింది. పరదా అవతల రూతమ్మ చేస్తున్నది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఏడ్చిన ప్రతిసారీ గాలి పొడుగ్గా బయటికి వస్తుంది. ఆ కాసేపు కండరం పట్టు సడలుతుంది. ఆ కాసేపట్లోనే నేను ఆమె చెయ్యిని కొంచెం పైకి తీసుకెళ్తున్నాను.

"గాలి బయటికి వదులు అన్నా. నోరు తెరిచి, ఆ అని శబ్దం చెయ్యి."

కాశయ్య తల అడ్డంగా ఊపాడు. గొంతు తగ్గించి అన్నాడు: "శబ్దం చేస్తే ఏడుపు వస్తాది సారూ."

"వస్తే రానీ."

"నీకు తెలీదు. నేను గనికి పోయినప్పుడు పిల్లోన్ని. వేలు నలిగి ఏడిస్తే మా మేస్త్రి ఆ పూటే ఇంటికి పంపినాడు. ఏడ్చేవాడు పని చెయ్యలేడన్నాడు. మల్లా ఎప్పుడూ ఏడవలా. మా నాయన పోయినప్పుడు గూడా. అందుకే ఇన్నేళ్లు ఆడ నిలబడినా."

జవాబు పరదా అవతలి నుంచి వచ్చింది. చెప్పాను కదా, అది మాటను ఆపదు.

"ఆ మేస్త్రికి ఏం తెలుసురా?" అంది రూతమ్మ. "మా ఆయన చచ్చిపోయిన ఏడు మిరపకోతకు పోయినా. ఏడుస్తానే కోసినా. ఒక్క సాలు వదల్లా. కళ్లు ఏడుస్తాయి, చెయ్యి పని చేస్తాది. దేని పని దానిది. ఈడ గూడా, ఏడ్చినంత మాత్రాన చెయ్యి దించినానా నేను? అడుగు ఆ పిల్లోన్ని."

దించలేదు. ఏడుస్తూ ఒక్కసారి కూడా చాలించమనలేదు. ఆ సంగతి నేను గట్టిగానే చెప్పాను, కాశయ్యకు వినపడేట్టు.

తర్వాతి సారి వచ్చినప్పుడు అతనే కళ్లు మూసుకుని, "కానీ సారూ" అన్నాడు. హోల్డ్ రిలాక్స్ అనే పద్ధతి ఉంది. రోగి నా చేతికి ఎదురు మెల్లగా నొక్కాలి, తర్వాత వదిలేయాలి. వదిలినప్పుడు గాలి కూడా వదలమన్నాను. మొదట దగ్గులాంటిది వచ్చింది. రెండోసారి "ఆ" అన్నాడు. మూడోసారి ఆ శబ్దం మధ్యలో విరిగింది. ఛాతీ ఎగిరిపడింది. నలభై దాటిన మనిషి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

బయట బెంచీ మీద నుంచి నారాయణమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏమైనాది? ఏం చేసినావు సారూ? ఆపు, ఆపు! పెండ్లైనప్పటి నుంచి ఈయన ఏడవంగా నేను చూళ్లేదు!"

నేను చెయ్యి వదలబోయాను. కాశయ్య ఎడంచేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వు బయట కూచోపోవే. ఏం కాలా నాకు." ముక్కు ఎగబీల్చాడు. "సారూ, నువ్వు ఆపొద్దు."

ఆపలేదు. అతని కండరం నా చేతిని తోయడం మానేసింది. మొదటిసారిగా తోలు బెల్టు లాగినట్టు, నెమ్మదిగా, ఇంకొంచెం ఇస్తున్నట్టు తగిలింది. బెంచీ మీద ఎవరూ నవ్వలేదు.

కొలిస్తే ముల్లు ముందుకు జరిగింది. అద్భుతం ఏమీ కాదు, కొన్ని డిగ్రీలే. కానీ మరుసటి సారి ఇంకొన్ని. తర్వాత ఇంకొన్ని. కొన్నిసార్లు ఏడ్చాడు, కొన్నిసార్లు అరిచాడు, కొన్నిసార్లు మేస్త్రిని బూతులు తిట్టాడు. గాలి బయటికి వెళ్తున్నంతవరకు నాకు అన్నీ ఒకటే. ఒక్కరోజూ రాకుండా ఉండలేదు. ఇంటి దగ్గర వ్యాయామం చేసేటప్పుడు తలుపు కూడా వేసుకోవడం లేదని నారాయణమ్మ చెప్పింది.

ఒంగోలు డాక్టరు చూసి మళ్లీ తెరవాల్సిన పని లేదన్నారు. కాశయ్య ఇంటికి పోకుండా తిన్నగా క్లినిక్‌కు వచ్చాడు. "బస్టాండు హోటల్లో దోసె తిన్నా సారూ. నా చేత్తో. తల కొంచెం కిందికి వంచాల్సి వచ్చినాది, అంతే." రూతమ్మ అప్పుడే బల్ల దిగుతోంది. "వంచు నాయనా, వంచు. అన్నం ముందర తల వంచితే తప్పేం లేదు," అంది.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో కొన్ని మార్చుకున్నాను. నిశ్శబ్దంగా ఉన్న రోగిని ధైర్యవంతుడని రాసుకోవడం మానేశాను. ముందు ఛాతీ చూస్తాను, కదులుతోందా ఆగిందా అని. వెంట వచ్చినవాళ్లు బల్ల పక్కన నిలబడి "ఏడవద్దు, ఏడవద్దు" అంటే బయట కూర్చోమంటాను. ఏడుపు మందు అని నేను చెప్పను. ఏడ్చి చెయ్యి లాక్కునేవాళ్లూ ఉంటారు, ఏడవకుండా లాక్కునేవాళ్లూ ఉంటారు. మనిషి గట్టివాడా కాదా అన్నది కంటి దగ్గర తేలదు. మళ్లీ చెయ్యి ఇస్తాడా లేదా అన్న దగ్గర తేలుతుంది.

కాశయ్య గనికి తిరిగి వెళ్లాడు. చెయ్యి మునుపటంత వంగదు, సుత్తికి చాలినంత వంగుతుంది. ఈ మధ్య బస్టాండులో కనిపిస్తే అడిగాను, ఇంకా ఊపిరి బిగబడుతున్నావా అని.

"ఉలి కాడ బిగబడతానే సారూ, అది పలక కోసం," అన్నాడు. "నాకోసం బిగబట్టేది మాత్రం మానుకున్నా."